సంతకాలు పెట్టిస్తే ట్రైనింగ్ అయిపోయినట్టేనా?

ప్రశ్న: ఏటుకూరు రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఏటా సీజన్‌కి ముందు సేఫ్టీ ట్రైనింగ్ అని ఒకాయన వచ్చి, ఇంగ్లిష్‌లో స్లయిడ్లు చూపించి, ఫొటో దిగి వెళ్లేవారు. ఈసారి ఆయనా రాలేదు. ‘ట్రైనింగ్ రిజిస్టర్‌లో తేదీ వేసి అందరి చేతా సంతకాలు పెట్టించు, ట్రైనర్ గడిలో నువ్వు పెట్టు’ అంటున్నారు మేనేజర్ గారు. హమాలీల్లో ఒడిశా వాళ్లు కూడా ఉన్నారు. టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంత అని కూలి కాబట్టి గంటసేపు కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. కాదంటే నాకు ఉద్యోగం టెన్షన్. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: ట్రైనర్ గడిలో సంతకం పెట్టకండి. ప్రమాదం జరిగితే ముందు అడిగే పుస్తకాల్లో ఆ రిజిస్టర్ ఒకటి. ‘మా సూపర్‌వైజరే నేర్పాడు, ఇదిగో సంతకం’ అని ఆ రోజు చూపించుకోవడానికి పనికొస్తుందనే ఆ గడి మీకు వదిలారని నా అనుమానం.

శిక్షణ ఇప్పించాల్సింది యాజమాన్యం. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 7ఎ సెక్షన్‌లో ఆ బాధ్యతను, 111ఎ సెక్షన్‌లో శిక్షణ పొందే కార్మికుడి హక్కును చేర్చారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చింది కానీ బాధ్యత యజమాని నెత్తి మీదే ఉంది. ‘మాది ఫ్యాక్టరీ కాదండీ, ఏసీ గోడౌన్’ అంటారు. పాత చట్టంలో తయారీ ప్రక్రియ అంటే ఏమిటో చెప్పిన చోటే కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వ చేయడాన్నీ కలిపారు. ‘హమాలీలు మా మనుషులు కాదు, ముఠా (కూలీల జట్టు) వాళ్లు’ అన్నది రెండో సాకు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాడూ చట్టం లెక్కలో కార్మికుడే. అసలు ఛాంబర్లని చల్లగా ఉంచే అమ్మోనియా గ్యాస్ లీకైతే ముఠా మనిషా, కంపెనీ మనిషా అని చూస్తుందా?

మేనేజర్ గారితో వాదనకు దిగకండి. ‘సార్, ట్రైనర్ రాలేదు కదా, ఫలానా రోజు పొద్దున లారీలు రాకముందు మనమే ఒక అరగంట పెట్టేద్దాం, ప్లాంటు ఆపరేటర్‌ని కాసేపు ఇవ్వండి’ అని వాట్సాప్‌లో పెట్టండి. మర్యాదగానూ ఉంటుంది, రాతలోనూ ఉంటుంది. చాలామంది మేనేజర్లు దీనికి ఒప్పుకుంటారు, ఖర్చు లేదు కాబట్టి.

ఇక ఆ అరగంటలో ఏం చెప్పాలన్నది అసలు సంగతి. ఉద్యోగమంతా అమ్మోనియా ప్లాంట్ల మధ్య గడిపినవాణ్ని కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను.

ఆఫీసులో కూర్చోబెట్టకండి, ప్లాంటు చుట్టూ తిప్పండి. మన గుంటూరుకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మిర్చి ఘాటుకి దగ్గడం, తుమ్మడం మనవాళ్లకి రోజూ ఉండేదే. కళ్లు మండినా తువ్వాలుతో తుడుచుకుని ఇంకో టిక్కీ ఎత్తుకుంటారు. అందుకే గ్యాస్ వచ్చినా మిరప పొడే అనుకుని కాసేపు ఆగుతారు. పైగా అమ్మోనియా వాసనకి ముక్కు అలవాటు పడిపోతుంది. మూత్రశాలలో కొట్టేలాంటి వాసన వచ్చిందంటే బస్తా ఎక్కడుంటే అక్కడ దించేసి బయటికి నడవాలని ఖాయంగా చెప్పండి. ఆ వాసన గాలిలో పది లక్షల వంతుల్లో ఐదు వంతులున్నా చాలామందికి తెలుస్తుంది. మూడు వందల వంతులకు చేరితే ప్రాణాపాయం. ఈ మధ్యలో దొరికే టైమే మనది.

అమ్మోనియాకి తడి అంటే ప్రాణం. కళ్లు, గొంతే కాదు, చెమట పట్టిన మెడ, చంకలు, గజ్జలు కూడా కాలిపోతాయి. బస్తాలు మోసేవాడి ఒళ్లంతా చెమటే కదా! తగిలితే బట్టలు విప్పేసి నీళ్లు గుమ్మరించాలి. కళ్లలో పడితే రుద్దకుండా రెప్పలు తెరిచి పట్టుకుని, తక్కువలో తక్కువ పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ కుళాయి ఎక్కడుందో ప్రతివాడి చేతా తిప్పించి చూడండి. నీళ్లు రాకపోతే ఆ సంగతి ఆ రోజే బయటపడుతుంది. ఒక జాగ్రత్త: గాలిలోని పొగ మీద నీళ్లు చిమ్మితే గ్యాస్‌ని పీల్చుకుంటాయి. కింద ద్రవంగా పోగైన అమ్మోనియా మీద మాత్రం పోయకూడదు. అది మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. దాంతో పోలిస్తే మన కుళాయి నీళ్లు సలసల కాగే నీళ్లే. ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది.

గాలి ఎటు వీస్తోందో తెలియడానికి డాబా మీద కర్రకి ఒక గుడ్డ పీలిక కట్టినా చాలు. అమ్మోనియా గాలి కంటే తేలిక అని చదివినవాళ్లు చెబుతారు. నిజమే, కానీ లీకైన కొత్తలో చల్లటి తెల్లపొగలా నేలబారునే పాకుతుంది. దానికి అడ్డంగా పక్కకి తప్పుకుని, ఆ తర్వాత గాలికి ఎదురు నడవాలి. రిసీవర్ (ద్రవ అమ్మోనియా ఉండే ట్యాంకు) దగ్గరి మెయిన్ వాల్వ్ జోలికి హమాలీలు వెళ్లకూడదు. అది మాస్కు ఉన్న ఆపరేటర్ పని.

అన్నిటికంటే ముఖ్యం ఛాంబర్ తలుపు. లోపలి నుంచి నెడితే తెరుచుకునే పిడి ఉండాలి. చాలాచోట్ల దాని మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, లేదా ఎవరో తాడేసి కట్టేసి ఉంటారు. ఒక్కొక్కరినీ లోపలికి పంపి, లైట్లు ఆపి, తలుపు నెట్టుకుని బయటికి రమ్మనండి. మీరు మాత్రం తలుపు బయటే నిలబడండి. నవ్వుకుంటూనే చేస్తారు, చేయనివ్వండి.

ఒడిశా వాళ్లకి మీరు తెలుగులో చెబితే తలూపుతారు, అంతే. వాళ్లలో తెలుగొచ్చిన కుర్రాడి చేత చెప్పించండి. తర్వాత ‘వాసనొస్తే ఏ గేటుకి పోతావు?’ అని మీరు అడిగి, చేత్తో చూపించమనండి. సరిగ్గా చూపించినవాళ్ల పేర్లే రిజిస్టర్‌లో ఎక్కించండి. రానివాళ్ల గడి ఖాళీగా ఉంచండి, వాళ్లకి ఇంకోరోజు చెప్పొచ్చు.

కూలి విషయం ముఠా మేస్త్రితో ముందే మాట్లాడుకోండి. ఆ అరగంటకి పది టిక్కీల కూలో, పదిహేనో లెక్కకట్టి యాజమాన్యం చేత ఇప్పించండి. టీ టైములో మాత్రం పెట్టకండి, అది వాళ్లది. ఇవేవీ కుదరక మేనేజర్ గారు మళ్లీ సంతకమే అడిగితే, గుంటూరులో ఫ్యాక్టరీల శాఖ ఆఫీసు ఉంది. ఫిర్యాదు ఎవరిచ్చారో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని పాత చట్టం 118ఎ సెక్షన్‌లోనే రాశారు. వెళ్లేటప్పుడు ఆ వాట్సాప్ మెసేజ్ ప్రింటు తీసుకెళ్లండి.