ఎవరి వల అది?

శ్రీకాకుళం

బాబూ,

నీ రాతప్రతి కట్ట అందింది. చెన్నైలో పాత తెరచాప పడవ కొని, మార్చి నెలలో తీరం వెంబడే నడుపుకుంటూ కళింగపట్నం తెచ్చుకున్న వైనమంతా చదివాను. పద్నాలుగో పేజీలో ఇలా రాశావు: "ఉప్పాడ దాటాక పడవ అడుగు పంకాకు ఏదో వల చుట్టుకుంది. ఎలాగో వదిలించుకుని ముందుకు సాగాం." ఆ ముక్క దగ్గర కాగితాలు పక్కన పడేశాను. రాత్రికి మళ్ళీ తీశాను గానీ కోపం తగ్గి కాదు. ఈ ఉత్తరం కూడా ఆ కోపంతోనే మొదలుపెట్టాను.

ఏదో వల ఏమిటి? ఎవరి వల అది?

నువ్వు వలల మధ్య పుట్టినవాడివి. ఒక వల తెగితే ఆ ఇంట్లో ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? షావుకారి దగ్గర మళ్ళీ చెయ్యి చాచడం, తాళ్ళూ బెండ్లూ సీసపు గుళ్ళూ కొత్తగా సమకూర్చుకోవడం, తెగిన వలకళ్ళు అతుకుతూ ఇంటిల్లిపాదీ ఇసుకలో పొద్దుపోయేదాకా కూర్చోవడం. ఇదంతా నీ చిన్నతనంలో చూసినదే. అలాంటివాడివి రెండు వాక్యాల్లో వల దాటి పోయావు.

నాకు ఇంకా కష్టం అనిపించింది ఇది: జరిగిందేమిటో నువ్వు మరచిపోలేదు. కట్టతో పాటు నాకు విడిగా రాసిన ఉత్తరంలో అంతా ఉంది. చీకట్లో ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోవడం, చెన్నై నుంచి వచ్చిన నీ స్నేహితుడు కత్తి తీసుకుని నీళ్ళలోకి దిగబోవడం, మీ చిన్నాన్న అతని చెయ్యి పట్టుకుని "ఆడి వల కోసీసి ఎలిపోతామేటి? తెల్లారనీ, ఆడే వొస్తాడు" అనడం. చాప దించేసి, వలతో పాటే కొట్టుకుపోతూ, ఏ ట్రాలరైనా చూసుకోకుండా మీద పడుతుందేమోనని తెరచాప కొయ్య మీద దీపం ఆరకుండా చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నారు. వెలుగు వచ్చాక ఫైబర్ తెప్ప మీద తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రి ఒక్క మాటా అనకుండా నీళ్ళలోకి దిగి, పంకాకు చుట్టుకున్న వలని కన్ను తరవాత కన్ను విప్పుకుంటూ, ఇక విప్పలేని చోట తన చేత్తో తనే కోశాడు. చిన్నాన్న డబ్బు ఇస్తే తీసుకుని, లెక్కపెట్టుకుని, మొలలో దోపుకున్నాడు.

ఇది వదిలేసి నాకు డాల్ఫిన్ల గురించి ఒకటిన్నర పేజీ రాశావు. "ఆ వల సంగతి పెడితే కథ నడక మందగిస్తుందేమోనని తీసేశాను" అంటావా! ఎవరు నేర్పారు నీకు ఈ భయం? నీ కట్ట మొత్తంలో ఇద్దరు మనుషుల పనులు ఒకదానికొకటి అడ్డం పడిన చోటు అదొక్కటే. నీ పడవ ఇంటికి రావాలి, అతని వల ఇంటికి పోవాలి. మధ్యలో ఒక కత్తి, దాన్ని ఆపిన ఒక చెయ్యి ఉన్నాయి. రాయవలసిందేదైనా ఉంటే అది.

నా నమ్మకం ఒకటే బాబూ, దాన్ని ఇప్పుడు ఎవరొచ్చి చెప్పినా మార్చుకోను. పని రాయాలి. మనిషి చేతులు ఏం చేశాయో వరసగా రాస్తే అతని మనసు దానంతటదే తెలుస్తుంది. మనసు గురించి రాస్తూ కూర్చుంటే చేతులూ కనపడవు, మనసూ కనపడదు.

తొమ్మిదో పేజీ తీయి. "ఇంజను మొరాయించింది. కాసేపటికి మళ్ళీ ప్రాణం పోసుకుంది." విశాఖ చేపల రేవులో ఏళ్ళ తరబడి డీజిల్ ఇంజన్లు విప్పినవాణ్ణి నేను. ఏ ఇంజనూ దానంతటది ప్రాణం పోసుకోదు. నువ్వు కొన్న పడవ రేవులో చాలాకాలం కదలకుండా ఉంది. అలాంటి పడవ ట్యాంకులో చెమ్మ నీరై అడుగుకు దిగుతుంది. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు మడ్డి కడుతుంది. రేవులో ఉన్నంతకాలం అది అడుగునే పడి ఉంటుంది కాబట్టి అమ్మేవాడు తాళం తిప్పి చూపించినప్పుడు ఇంజను చక్కగా మోగుతుంది. నువ్వు బయటికి వచ్చి అలల మీద ఊగడం మొదలుపెట్టగానే మడ్డి అంతా లేచి ఫిల్టరులో కూరుకుపోతుంది. ముందు ఇంజను చప్పుడు ఎగుడుదిగుడవుతుంది, తరవాత నీరసిస్తుంది, తరవాత ఆగిపోతుంది. పాత పడవ కొన్నవాడు ఇంటికి తెచ్చుకునే మొదటి ప్రయాణంలో ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే.

అప్పుడు ఏం చేశారు? ఆ గొయ్యిలాంటి చోట తలకిందులుగా వంగి పాత ఫిల్టరు తీశారు. కొత్తది బిగించారు. గొట్టంలో గాలి ఉండిపోతే ఇంజను అందుకోదు కాబట్టి మర కొంచెం వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా చూసి మళ్ళీ బిగించారు. పడవ పక్కకి ఊగుతోంది, డీజిల్ వాసనకి కడుపు తిప్పుతోంది, టార్చి పట్టుకున్నవాడి చెయ్యి వణుకుతోంది. దీనికి రెండు పేజీలు ఇవ్వు. మర పేరు తెలియని పాఠకుడు కూడా ఊపిరి బిగబట్టి చదువుతాడు.

మీ చిన్నాన్న ఆ కేబిన్‌లోకి దిగగానే వాంతి చేసుకున్నాడన్న సంగతి కూడా నాకు రాసిన ఉత్తరంలోనే ఉంది, కట్టలో లేదు. ఆయన గౌరవం కోసం దాచావు. తెప్ప మీద ఏనాడూ తల తిరగని మనిషికి నాలుగు గోడల మధ్య తిరిగింది. కళ్ళకు గోడ కదలకుండా కనపడుతుంది, చెవి లోపలి తూకం మాత్రం ఊగుతూనే ఉంటుంది, అందుకు. మళ్ళీ పైకొచ్చి, సముద్రం అంచు చూస్తూ, తెల్లవార్లూ చుక్కాని కర్ర వదలకుండా కూర్చున్నాడు కదా. రెండూ రాస్తే ఆయన గౌరవం పెరుగుతుంది.

ఇక నీ తుఫాను.

ఇరవై ఒకటో పేజీ నుంచి ఇరవై ఆరు దాకా తుఫానే. మార్చిలో బంగాళాఖాతంలో తుఫాను చాలా అరుదు. నువ్వు చూసింది సాయంత్రం కొండల వైపు నుంచి లేచిన ఉరుముల గాలి అయి ఉండాలి. అది చాలదనిపించి పెద్దది చేశావు. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ కూలిపోయి ఏళ్ళ కష్టం ఒక్క పూటలో నేలమట్టమైన ఊళ్ళు నీ పాఠకుల ఊళ్ళే. వాళ్ళ ముందు "సముద్రుడు వెయ్యి తలలతో గర్జించాడు" అని రాస్తే మర్యాదగా పుస్తకం మూసేస్తారు.

నాకు ఇంత మంట ఎందుకంటే, ఇలాంటి తుఫాను ఒకటి నా కథలోకీ వచ్చింది. నేను తెచ్చుకున్నది కాదు. రేవులో పనిచేసే రోజుల్లో, రాత్రిళ్ళు షెడ్డులో కూర్చుని, గ్రీజు అంటిన వేళ్ళతో ఒక కథ రాశాను. సముద్రం మధ్యలో ఇంజను చెడిన బోటు, ఏడుగురు మనుషులు, తగ్గిపోతున్న మంచినీళ్ళ పీపా. గాలి కూడా లేదు అందులో. ఒక వారపత్రిక తీసుకుంది. అచ్చులో చూసుకుంటే ఇంజను విప్పే భాగమంతా ఎగిరిపోయింది. ఆ చోట్లో సంపాదకుడు సొంత చేత్తో ఒక తుఫాను రాసి పెట్టాడు. అడిగితే "పాఠకుడు మరలూ నట్లూ చదవడండీ" అన్నాడు. ఆ సంచిక రేవులో చేతులు మారింది. మా బోటు నడిపే సరంగు ఒకాయన కొడుకు చేత చదివించుకుని, నా దగ్గరికొచ్చి, "ఇది నువ్వు సూసిందేనా, ఎవులైనా సెప్పింది రాసీసినావా?" అన్నాడు. నా ఎదురుగా కూర్చుని ఇంజను సంగతులన్నీ చెప్పిన మనిషే. ఆ ప్రశ్నకి నేను ఇచ్చుకోగలిగిన జవాబు ఆ సంపాదకుడి కత్తెర కింద తెగి పడి ఉంది. 1997లో మన ఊళ్ళో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం తెరిచాక వెళ్ళి వెతికితే ఆ సంచిక దొరికింది. అలమరా దగ్గర నిలబడే చదివాను. ఆ తుఫానుని ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజు నుంచి ఒక పట్టు పట్టాను. మరలూ నట్లూ తీసేస్తామన్న చోట కథ ఇవ్వలేదు. చాలా ఏళ్ళు ఎవరూ వేసుకోలేదు కూడా. ఇప్పుడు పోటీలు పెట్టి బహుమతులిస్తున్నవాళ్ళు "మట్టివాసన, ఉప్పుగాలి" అని మెచ్చుకుంటారు గానీ, చాప తాడు ఏ చేత్తో పడతారో అడిగితే చెప్పలేరు. వాళ్ళ కోసం రాయకు.

నీ తుఫాను తీసేస్తే ఆ చోట ఏం మిగులుతుందో నీకు తెలుసా? మీ చిన్నాన్న. పడమట మబ్బు నల్లబడటం చూసి, గాలి ఇంకా రాకముందే, మీరిద్దరూ వద్దంటున్నా వినకుండా చాప సగానికి కుదించాడు. గాలి వచ్చేసరికి చేయవలసిందేమీ లేదు. నీకు అది చప్పగా అనిపించి, "చివరి క్షణంలో ప్రాణాలకు తెగించి" చాప దించినట్టు మార్చావు. నడి గాలిలో చాప కుదించడానికి పరుగెత్తేది సముద్రం తెలియనివాడు. ముందే కుదించి, గట్టిగా కట్టి, బీడీ వెలిగించుకున్న మనిషిని చూపించు. అలాగే గాలి వెనకనుంచి వీస్తున్నప్పుడు చాప కింది అడ్డకర్ర ఒక్క ఊపున ఇటునుంచి అటు తిరిగి ఆయన తల పక్కనుంచి పోయిందని అరవాక్యంలో రాశావు. ఆయన ఎరిగిన తెప్ప చాపకు అంత బరువైన అడ్డకర్ర లేదు. అందుకే దాన్ని ఊహించలేదు. తరవాత ఆ కర్రని తాడుతో ముందుకు లాగి కట్టింది ఆయనే కదా? ముసలితనంలో కొత్త పడవ దగ్గర కొత్తగా నేర్చుకుంటున్న మనిషి అక్కడ ఉన్నాడు. నువ్వు చూసీ చూడనట్టు పోయావు.

మార్చిలో రావడం మంచిదయిందని రాశావు గానీ ఎందుకో చెప్పలేదు. ఆ రోజుల్లో మన తీరం వెంబడి నీటి ఒరవడి ఉత్తరానికి నడుస్తుంది, గాలి కూడా దక్షిణం వైపు నుంచి అందుకుంటుంది. అక్టోబరు తరవాత ఒరవడి తిరగబడి దక్షిణానికి పోతుంది. అప్పుడు ఇదే దారి మీకు రెట్టింపయ్యేది. చింతపల్లి దీపస్తంభం కనపడగానే "ఇల్లు పిలిచింది" అన్నావు. ఆ దీపం అక్కడ పెట్టింది కోనాడ ఎదట నీళ్ళలో ఉన్న రాళ్ళ నుంచి ఓడల్ని తప్పించడానికి. దాన్ని చూసి మీ చిన్నాన్న పడవని ఎటు మళ్ళించాడో రాయి.

ఇప్పుడు నీ మొదలు గురించి. పడవ చెన్నై రేవు దాటుతుండగా ఎత్తుకున్నావు. అంతకు ముందు వారం ఏమయింది? కొనే ముందు చిన్న సుత్తితో ఒళ్ళంతా తట్టి చూశారని, ఒకచోట మోత బోలుగా వచ్చిందని, కొయ్యని నిలబెట్టే ఉక్కుతీగల మీద దూది రాస్తే ఒక తెగిన పోగుకి చిక్కుకుందని, చాప గుడ్డ గట్టిగానే ఉన్నా గోటితో గీస్తే కుట్టు దారం పొడి రాలిందని ఉత్తరంలో రాశావు. ఎండకి గుడ్డకంటే దారం ముందు చస్తుందని మీ చిన్నాన్న చెప్పాడట. ఇదంతా ముందుకు తెచ్చి పెట్టు. ఆ తీగ, ఆ కుట్టు, ఆ మడ్డి పాఠకుడికి ముందే తెలిస్తే, దాదాపు నాలుగు వందల నాటికల్ మైళ్ళూ అతనికి నిద్ర పట్టదు. వేరే తుఫాను అక్కర్లేదు.

ఒకచోట మాత్రం నన్ను పట్టుకున్నావు. "పడవలో ప్రతి తాడు చివరి ముడీ ఎడమచేతి వాటంగా ఉంది. అమ్మినాయన ఏ చేత్తో కాఫీ తాగాడో అప్పుడు గుర్తొచ్చింది." ఈ రెండు వాక్యాల కోసమే ఇన్ని పేజీలు చదివాను. పాత పడవ కొన్నవాడు ఇంకొక మనిషి అలవాట్లలోకి కాపురానికి వెళతాడు. ఆ ముడుల్ని ఎప్పుడు విప్పి మీ వాటంగా కట్టుకున్నారో, అసలు కట్టుకున్నారో లేదో, మళ్ళీ ఎక్కడా లేదు.

వంశధార సముద్రంలో కలిసే మొగ దాటిన సంగతి ఒక్క వాక్యంలో ముగించావు. కళింగపట్నంలో కట్టిన రేవు లేదు. మొగ దగ్గర ఇసుక ఒక ఏడాది ఉన్నచోట ఇంకో ఏడాది ఉండదు. అడుగునుంచి నీళ్ళలోకి దిగే కీల్ పలక ఉన్న పడవని అందులోంచి ఎలా తెచ్చారు? పోటు కోసం ఎంతసేపు బయట లంగరేసుకుని ఉన్నారు? కీల్ ఎప్పుడు పైకి లేపారు? ముందు తెప్ప మీద వెళ్ళి వెదురుతో లోతు చూసిందెవరు? ఊరంతా ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టిందని రాశావు. ఆ చప్పట్లకి ముందు గంట నాకు కావాలి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఇప్పుడు ఎక్కడికీ పంపకు.

కట్ట తిరిగి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిల్‌తో రాశాను, చూసుకో. ఆఖర్న ఉన్న "సముద్రం నేర్పిన పది జీవిత పాఠాలు" పేజీలు మాత్రం నా దగ్గరే ఉంచేశాను. ఈమధ్య ఏది చదివినా చివర ఇదే తంతు. మనిషి చెట్టు నాటినా, బిడ్డని కన్నా, అన్నం వండినా పది పాఠాలు చెప్పందే వదలడం లేదు. ఆ పేజీలు లేకుండానే తిరగరాయి. ఉప్పాడ రాత్రితో మొదలుపెట్టకు, దాని చోట దాన్ని రానీ. ఆ తండ్రీ కొడుకుల ఊరూ పేరూ తెలిసి ఉంటే మాత్రం రాయకు. వాళ్ళు ఎంత డబ్బు తీసుకున్నారో రాయి.

దసరా వెళ్ళేలోగా పడవని ఒడ్డెక్కించు, ట్రాక్టరు దొరికినప్పుడే. అక్టోబరు, నవంబరు మన తీరానికి మంచివి కావు. ఎక్కించే ముందు ట్యాంకు అడుగు మర విప్పి నీళ్ళూ మడ్డీ వదిలేయి, రెండు ఫిల్టర్లు కొని పెట్టుకో. మీ చిన్నాన్నను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు