ఎల్క్ వేటలో ఉండగా ఎవరో ఆపదలో ఉన్నట్టు వినిపిస్తే వెళ్ళాలా?

మీరు అడిగింది ఇది: ఈ అక్టోబర్‌లో మొదటిసారి కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి, రైఫిల్ సీజన్‌కి (రైఫిల్‌తో వేటాడనిచ్చే రోజులకి) వెళ్తున్నారు. ఫోన్ సిగ్నల్ లేని చోట ఎవరో అరిచినట్టో, తుపాకీ మూడుసార్లు పేలినట్టో వినిపిస్తే వెళ్ళాలా? వెళ్తే మన మీదకేమైనా వస్తుందా? రెస్క్యూ వాళ్ళు వస్తే ఖర్చు ఎవరిది?

వెళ్ళాలి. అందులో రెండో మాట లేదు. కానీ విన్న వెంటనే పరుగు తీయకండి. నేను డెన్వర్ దగ్గర ఉంటాను, కొన్నేళ్ళుగా ఫ్లాట్ టాప్స్ అనే కొండల వైపు ఎల్క్ వేటకి వెళ్తున్నాను. ఒకసారి ఇలాంటిదే మాకు ఎదురైంది. కదలకముందు ఆగిన ఆ ఐదు పది నిమిషాల్లో చేసిన పనులే ఆ రాత్రి అందరికీ పనికొచ్చాయి, అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు, వినిపించింది ఏంటో తేల్చుకోవాలి. మూడు అంటే ఆపద అని ఇక్కడి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చెప్తారు. మూడు కాల్పులు, మూడు విజిల్స్, మూడు మంటలు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, సీజన్ మొదటి రోజు పొద్దున్నే మూడు కాల్పులు వినిపించడంలో వింతేమీ లేదు. ఎల్క్ పెద్ద జంతువు, ఒక తూటాకే పడిపోవాలని లేదు, చాలామంది వెంటనే రెండోదీ మూడోదీ కొడతారు. తేడా ఎక్కడంటే, వేటగాడి కాల్పులు హడావిడిగా ఒకదాని మీద ఒకటి వస్తాయి. సాయం కోరేవాడివి సమానమైన ఎడంతో వస్తాయి, కాసేపు ఆగి మళ్ళీ అదే వరసలో వస్తాయి. ఇంకో గుర్తు టైమ్. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే ఎల్క్‌ని కాల్చాలి. అది దాటి చీకట్లో లెక్కపెట్టినట్టు మూడు పేలాయంటే సీరియస్‌గా తీసుకోండి.

అరుపుల విషయంలో మోసపోవడం తేలిక. మౌంటెన్ లయన్ (ఇక్కడి కొండల్లో ఉండే పెద్ద పిల్లి జాతి జంతువు) అరుపు, నక్క అరుపు అచ్చం ఆడమనిషి కేకలా ఉంటాయి, మొదటిసారి విన్నవాళ్ళకి వెన్నులో వణుకు పుడుతుంది. గట్టిగా తిరిగి కేకేసి చూడండి. మనిషైతే బదులిస్తాడు, జంతువైతే సాధారణంగా నోరు మూసుకుంటుంది. విజిల్‌కి మాత్రం పెద్దగా అనుమానం అక్కర్లేదు. ఆ కొండల్లో విజిల్ వేసినట్టు కూసే మార్మట్లు (పెద్ద ఉడతల్లాంటివి) అక్టోబర్ చివరికి బొరియల్లో నిద్రపోతూ ఉంటాయి.

మాకు వినిపించింది విజిలే. రెండో రైఫిల్ సీజన్, వెలుతురు పోయింది, తడి మంచు పడుతోంది. నేనూ మా ఆఫీసులో పనిచేసే ఒకాయనా క్యాంపుకి తిరిగొస్తున్నాం. ఆయన ఇక్కడే పుట్టి, చిన్నప్పటి నుంచీ వాళ్ళ నాన్నతో వేటకి తిరిగిన మనిషి. విజిల్ వినగానే నాకు కాలు నిలవలేదు. ఆయన మాత్రం బ్యాగ్ కింద పెట్టి, తన విజిల్ తీసి మూడుసార్లు ఊదాడు. అవతలి నుంచి బదులొచ్చింది. అప్పుడు కంపాస్ తీసి శబ్దం వచ్చిన దిక్కు చూసుకుని, ఫోన్‌లో ముందే దింపుకున్న మ్యాప్ మీద గీత గీశాడు. దారి వెంట రెండు మూడు వందల గజాలు పక్కకి నడిచి, మళ్ళీ ఊది, మళ్ళీ చూసి, రెండో గీత గీశాడు. రెండూ కలిసిన చోటికి మేం వెళ్ళాలి.

ఇంత తతంగం ఎందుకని ఆ క్షణంలో అనిపిస్తుంది. నా చెవులు నమ్ముకుని ఉంటే నేను ఎదురు గట్టు ఎక్కేవాణ్ణి. లోయలో శబ్దం అవతలి గట్టుకి కొట్టుకుని వెనక్కొస్తుంది, మంచు పడుతుంటే మరీ తికమకగా ఉంటుంది. పైగా ఫ్లాట్ టాప్స్‌లో 1940లలో పురుగు పట్టి లక్షల కొద్దీ స్ప్రూస్ చెట్లు చచ్చిపోయాయి. ఇప్పటికీ చాలాచోట్ల నడుము ఎత్తున మొద్దులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. పగలే వాటిని దాటడం నరకం. తప్పు దిక్కున వెళ్తే గంట పోయినట్టే, లేదా మన కాలే విరుగుతుంది. అప్పుడు రెస్క్యూ వాళ్ళకి ఒకరు కాదు, ఇద్దరు.

కదిలేముందు ఇంకో రెండు పనులు. ఒకటి, క్యాంపులో ఉన్నవాళ్ళకి శాటిలైట్ మెసెంజర్‌లో (ఫోన్ సిగ్నల్ లేకపోయినా మెసేజ్ పంపే చిన్న పరికరం) విషయం చెప్పడం: ఎటు వెళ్తున్నాం, ఎన్నింటిలోపు మళ్ళీ మెసేజ్ పెడతాం, పెట్టకపోతే ఏం చేయాలి.

రెండోది రైఫిల్ ఖాళీ చేయడం. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అయినా దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. చీకట్లో, టెన్షన్‌లో, పడిపోయిన చెట్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ వెళ్తున్నప్పుడు చాంబర్‌లో (పేలడానికి తూటా సిద్ధంగా ఉండే చోట) తూటా ఉండకూడదు. సేఫ్టీ పెట్టాం కదా అని సరిపెట్టుకోకండి. తీసేయండి, వేలు పెట్టి చూసుకోండి, భుజానికి తగిలించుకోండి. తోటి వేటగాళ్ళకి కనిపించడానికి వేసుకున్న ఆరెంజ్ చొక్కా, టోపీ విప్పొద్దు. హెడ్‌లైట్ వేసుకుని, గట్టిగా మాట్లాడుతూ వెళ్ళండి. అవతల ఉన్నది భయపడిపోయి, చలికి బుర్ర సరిగ్గా పనిచేయని మనిషి, చేతికి అందేంత దూరంలో లోడ్ చేసిన తుపాకీ. చీకట్లో కొమ్మలు విరుస్తూ ఏదో వస్తోందంటే ఎలుగుబంటి అనుకోడా?

మేం వెళ్ళేసరికి ఆయన ఒక మొద్దు పక్కన ఒరిగి కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఒక్కడే వచ్చాడు. మధ్యాహ్నం మొద్దు మీద నుంచి జారి కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. పగలు రెండు విడతలు మూడేసి కాల్పులు కాల్చాడట, ఎవరూ రాలేదు. వేట అనుకుని ఉంటారు. మా ఆఫీసాయన పలకరించిన వెంటనే అడిగిన ప్రశ్న "నీ రైఫిల్ ఎక్కడ?" అది దెబ్బతిన్న మనిషి తల వెనక చెట్టుకి ఆనించి ఉంది. బోల్ట్ లాగితే ఒక తూటా ఎగిరి మంచులో పడింది. దాన్ని ఏరి జేబులో వేసుకుని, రైఫిల్ దూరంగా పెట్టాకే కాలి సంగతి చూశాం.

కాలు కన్నా భయపెట్టింది చలి. కాటన్ జీన్స్ మోకాళ్ళ దాకా తడిసి బిగుసుకుపోయాయి. జాకెట్ జిప్పు పైకి లాగడానికి ప్రయత్నిస్తున్నాడు, వేళ్ళకి ఆ చిన్న ముక్క దొరకడం లేదు. పట్టుకున్నాను అనుకుంటున్నాడు, జారిపోతోంది, మళ్ళీ అదే పని. మాట ముద్దగా వస్తోంది. చేతులు తడబడటం, మాట తడబడటం, నడక తడబడటం, ఊరికే విసుక్కోవడం కనిపిస్తే శరీరంలో వేడి పడిపోతోందని అర్థం. ఇంకా వణుకుతున్నాడు, అది ఒక రకంగా నయం. వణకాల్సినవాడు వణకడం ఆపేస్తే మరీ ప్రమాదం.

ముందు కింద నుంచి వచ్చే చలి ఆపాలి. మా ఫోమ్ ప్యాడ్, దాని కింద కొమ్మలు. తడి బట్టలు తీసేసి మా దగ్గరున్న పొడి ఇన్నర్లు, డౌన్ జాకెట్ వేశాం. స్టవ్ మీద నీళ్ళు కాచి బాటిల్‌లో పోసి, సాక్సు తొడిగి చంకలో పెట్టాం. చర్మం మీద నేరుగా పెడితే కాలుతుంది. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు. ఆయన దగ్గర చిన్న విస్కీ సీసా ఉంది, ఒక్క గుటక అని అడిగాడు, ఇవ్వలేదు. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుందే తప్ప లోపలి వేడి ఇంకా త్వరగా పోతుంది. స్పృహలో ఉండి సరిగ్గా మింగగలిగితే తీపి పెట్టొచ్చు. నా బ్యాగ్‌లో ఇండియన్ స్టోర్‌లో కొన్న పల్లీ చిక్కీ ఉంది. ఇక్కడ పల్లీలు పడనివాళ్ళు ఎక్కువ కాబట్టి అడిగి ఇచ్చాను. షుగర్ ఉందా, గుండెకి మందులేమైనా వాడుతున్నారా అని కూడా అప్పుడే అడిగాం. తర్వాత మాట ఇంకా ముద్దైతే చెప్పలేకపోవచ్చు.

బూటు విప్పలేదు. పొరపాటున కూడా మోసుకుపోదాం అనుకోలేదు. ఆ మొద్దుల మధ్య ఇద్దరం కలిసి ఆ మనిషిని వంద గజాలు కూడా మోయలేం. స్ట్రెచర్ మీద మోయడానికి రెస్క్యూ టీములే ఆరుగురు చొప్పున వంతులు మార్చుకుంటాయి. అక్కడ మన పని వెచ్చగా ఉంచడం, కబురు పంపడం, వదిలి వెళ్ళకపోవడం.

కబురు అంటే ఊరికే ఎస్ఓఎస్ (ఆపద బటన్) నొక్కి కూర్చోవడం కాదు. లొకేషన్ దానంతట అదే వెళ్తుంది, కానీ అవతలివాళ్ళు ఏ సామాను తేవాలో మీ మాటల మీదే ఆధారపడి ఉంటుంది. మేం పంపింది ఇంచుమించు ఇది: "అరవై దాటిన పురుషుడు, కుడి చీలమండ విరిగినట్టుంది, నడవలేడు, స్పృహలో ఉన్నాడు, బాగా చలి పట్టింది, పొడి బట్టలు వేశాం, ఇద్దరం పక్కనే ఉన్నాం, మంట వేస్తున్నాం, చుట్టూ పడిపోయిన చెట్లు, మంచు పడుతోంది." కొలరాడోలో సెర్చ్ అండ్ రెస్క్యూ బాధ్యత కౌంటీ షెరీఫ్‌ది, కొండెక్కి వచ్చేవాళ్ళు ఎక్కువగా వాలంటీర్లు. వాళ్ళు అర్ధరాత్రి దాటాక, మా మంట వెలుగు చూసుకుంటూ వచ్చారు. మీ దగ్గర ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ లేకపోయినా ఐఫోన్ 14, ఆ తర్వాతవి అయితే శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంటుంది. ఆకాశం కనిపించాలి కాబట్టి చెట్లు లేని చోటికి వెళ్ళి ప్రయత్నించండి. ఒక్క గీత సిగ్నల్ ఉన్నా 911కి మెసేజ్ పెట్టి చూడండి, కాల్ కలవని చోట మెసేజ్ వెళ్ళొచ్చు. ఫోన్ లోపలి జేబులో ఉంచుకోండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.

ఏ సాధనమూ లేక ఒంటరిగా ఉంటే ముందు నుయ్యి వెనక గొయ్యే. అప్పుడు కూడా అతన్ని పొడిగా, వెచ్చగా చేసి, కట్టెలూ నీళ్ళూ విజిలూ చేతికి అందేలా పెట్టి, ఆ చోటుని మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, కొమ్మలకి ఆరెంజ్ టేపు కట్టుకుంటూ బయటికి రండి.

ఇంకో మూడు సందర్భాలు క్లుప్తంగా. వేటలో కత్తి గాయాలు మామూలు, ముఖ్యంగా బ్లేడు మార్చే కత్తులతో మాంసం కోసేటప్పుడు. రక్తం చిమ్ముతుంటే గట్టిగా అదిమి పట్టండి. చేతికో కాలికో అయ్యి ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) బిగించండి. టైమ్ రాసిపెట్టండి, మధ్యలో వదులు చేయొద్దు. రక్తం ఆపడం నేర్పే స్టాప్ ద బ్లీడ్ క్లాసులు చాలాచోట్ల ఉచితంగా చెప్తారు, సీజన్‌కి ముందు ఒకటి చూసుకోండి. రెండోది, పది వేల అడుగుల మీద ఎల్క్ తొడ మోస్తూ గుండె నొప్పి అన్నవాణ్ణి ఒక్క అడుగు కూడా నడిపించొద్దు, వెంటనే ఎస్ఓఎస్. మూడోది, వయోమింగ్, మోంటానా వెళ్ళేవాళ్ళకి: అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉన్నాయి. దెబ్బతిన్నవాడు చంపిన జంతువు పక్కనే ఉంటే బేర్ స్ప్రే (ఎలుగుబంటిని తరిమే స్ప్రే) చేతిలో పట్టుకుని వెళ్ళండి, అతన్ని కదల్చగలిగితే ముందు ఆ మాంసానికి దూరంగా జరపండి.

ఇక కేసుల భయం. పుణ్యానికి పోతే పాపం ఎదురవుతుందని మనవాళ్ళకి ఒక బెదురు ఉంటుంది, ఊళ్ళో రోడ్డు ప్రమాదాలు చూసి పట్టుకున్నది. నిజానికి ఇండియాలో కూడా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చి, సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇచ్చారు. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఏదో ఒక రూపంలో గుడ్ సమారిటన్ చట్టం ఉంది. డబ్బు ఆశించకుండా, మంచి ఉద్దేశంతో, మరీ నిర్లక్ష్యం లేకుండా చేసిన సాయానికి సాధారణంగా అది అండగా ఉంటుంది. మిన్నెసోటా, వెర్మాంట్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో సాయం చేయకపోవడమే తప్పు. మా విషయంలో షెరీఫ్ ఆఫీసు మనిషి పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకున్నాడు, అంతే. ఒక్క జాగ్రత్త: దెబ్బతిన్నవాడి రైఫిల్‌ని తర్వాత ఇద్దాంలే అని మీ కారులో పెట్టుకోకండి. అక్కడికక్కడే షెరీఫ్ మనిషికి అప్పగించండి, మేం అదే చేశాం.

ఖర్చు సంగతి. కొలరాడోలో వాలంటీర్ రెస్క్యూ టీములు బిల్లు వేయవు. మీ వేట లైసెన్సులోనే రెస్క్యూ ఫండ్‌కి చిన్న మొత్తం కలిసి ఉంటుంది, ఆ డబ్బు టీముల ఖర్చులకి వెళ్తుంది. అది ఇన్సూరెన్స్ కాదు. న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యం వల్ల చిక్కుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేసే చట్టం ఉంది గానీ, అది చిక్కుకున్నవాళ్ళకి, కబురు పెట్టినవాళ్ళకి కాదు. ఆస్పత్రి హెలికాప్టర్ వస్తే మాత్రం బిల్లు గట్టిగానే ఉంటుంది, అది పేషెంటుకీ అతని ఇన్సూరెన్సుకీ వెళ్తుంది. కొందరు దెబ్బతిన్నవాళ్ళు ఆ భయంతోనే "ఎవరికీ చెప్పొద్దు, పొద్దున్నకి సర్దుకుంటుంది" అంటారు. ఆ రాత్రి మేం చూసిన మనిషీ అదే అన్నాడు. జిప్పు కూడా పెట్టుకోలేని మనిషి మాట అది, విని ఊరుకుని మెసేజ్ పంపేశాం.