డైనమో మార్చే ముందు మీటర్ పెట్టి చూడు

చిన్నా,

కొత్త బ్యాటరీ వేసిన కొద్ది రోజులకే పొద్దున్నే కారు సెల్ఫ్ అందుకోవడం లేదనీ, మెకానిక్ డైనమో (అదే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) మార్చాల్సిందే అంటున్నాడనీ రాశావు. అతని మాట నిజమే కావచ్చు. మీటర్ పెట్టకుండా చెప్పాడే, అదే నాకు నచ్చలేదు. నీ దగ్గర మల్టీమీటర్ ఉందిగా, ఆదివారం కాస్త తీరిక చేసుకో.

ముందు డైనమోను తిప్పే బెల్ట్ చూడు. వదులైనా, ఆయిల్ పడి జారుతున్నా ఆల్టర్నేటర్ బాగున్నా సరే ఛార్జింగ్ తగ్గుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి ఉంటే తుడిచి, బిగించు.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు. ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్లో ఉండిపోయిందేమో చూసుకో, అలాగే బ్యాటరీకి తాకిస్తే షార్టే. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య 12.6 దాకా చూపాలి. 12కి దిగిపోయి ఉంటే ముందు బయట ఛార్జ్ పెట్టించు. ఖాళీ బ్యాటరీతో చేసే పరీక్ష డైనమో మీద లేనిపోని నింద వేస్తుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి కొంచెం రేస్ చెయ్యి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసినా 13కి కిందికి రాకూడదు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. కొత్త మోడళ్లలో ఛార్జింగ్‌ను ఈసీయూ, అంటే బండిలోని కంప్యూటర్, నడిపిస్తుంది కాబట్టి లోడ్ లేనప్పుడు రీడింగ్ తగ్గితే కంగారు పడకు, లైట్లు వేసి మళ్లీ చూడు.

చాలామంది వదిలేసేది దీని తర్వాతి పని. ఇంజిన్ నడుస్తూ, లైట్లు వెలుగుతుండగా, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టుకు ఎర్ర ప్రోబ్, బ్యాటరీ ప్లస్‌కు నల్ల ప్రోబ్ పెట్టు. 0.3 వోల్టు దాటితే తప్పు ఆ వైరుదో, దాని కొసన బిగించే లగ్గుదో. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అలాగే చూడు, అక్కడ 0.2 లోపే ఉండాలి. ఈ మైనస్ దారి, అంటే ఎర్త్, తుప్పు పట్టిన బళ్లకు ఊరికే డైనమోలు మార్చేస్తుంటారు. ఆ బోల్టులో ఇంజిన్ ఆపినా కరెంటు ఉంటుంది, ప్రోబ్ జారి బాడీకి తగిలిందా నిప్పులే. ఉంగరం తీసెయ్యి, చొక్కా చేతులు పైకి మడుచుకో, ఫ్యాన్‌కు దూరంగా ఉండు.

ఆల్టర్నేటర్ లోపల ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు పోయాయో లేదో మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి కొలవమని చెబుతారు, 0.5 వోల్టు దాటకూడదని. ఏసీలో 200 వోల్టుల రేంజే అన్నిటికంటే చిన్నదైన చవక మీటరుతో ఆ పని పెట్టుకోకు, డీసీని కూడా ఏసీగా లెక్కేసి 20, 30 చూపించి హడలగొడుతుంది.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగితే డైనమో పోయినట్టు అనే పరీక్ష. కార్బ్యురేటర్ బళ్ల రోజుల్లో అలా చేసేవాళ్లు. ఇప్పుడు ఆ క్షణంలో ఒక్కసారిగా పెరిగే వోల్టేజీకి ఈసీయూ పోవచ్చు, దాని ముందు డైనమో ఖర్చు ఏపాటిది?

అన్ని రీడింగులూ బాగుంటే దొంగ వేరే చోట ఉన్నట్టు. బండి ఆపాక కూడా కరెంటు లాగేదేదో ఉంది, డాష్‌కామ్ కెమెరా లాంటివి తగిలించావా? డైనమోదే తప్పని తేలినా మొత్తం మార్చేయకు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర విప్పించు, చాలాసార్లు కార్బన్ బ్రష్‌లు గానీ రెగ్యులేటర్ గానీ కొత్తవి వేస్తే సరిపోతుంది. రీడింగులన్నీ కాగితం మీద రాసి వాట్సాప్‌లో పెట్టు, చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న