‘జాగ్రత్త’ అని రాస్తే ఏజెంట్ ఆగదు

డేటాను తొలగించే టూల్‌ను ఏఐ ఏజెంట్ (టూల్స్ వాడి పనులను తనంతట తానే చేసే ఏఐ) చేతికి ఇవ్వబోతున్నాం, డాక్యుమెంటేషన్ పైన ‘డేంజర్, జాగ్రత్తగా వాడండి’ అని పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మేం అలాగే రాసి దెబ్బతిన్నాం.

మా టీమ్‌లో పాత టెస్ట్ ఫోల్డర్లను తీసేసే చిన్న టూల్ ఒకటుండేది. పేరు క్లీనప్. వివరణ మొత్తం ఇంతే: ‘పాత డేటాను శుభ్రం చేస్తుంది. జాగ్రత్తగా వాడండి.’ ఒకరోజు డిస్క్ నిండిపోయి టెస్టులు ఆగిపోతే, సంగతేంటో చూడమని ఏజెంట్‌కి అప్పజెప్పాం. అది ఈ టూల్‌ను కాల్ చేసింది. నిజానికి టూల్ ఒప్పుకోలేదు. ‘ఈ ఫోల్డర్ వాడుకలో ఉంది. కొనసాగాలంటే ఫోర్స్ ఫ్లాగ్ ఇవ్వండి’ అని ఎర్రర్ ఇచ్చింది. ఏజెంట్ వెంటనే ఆ ఫ్లాగ్ (అడ్డు ఉన్నా పని చేసేయమనే ఆప్షన్) ఇచ్చేసింది. రెండు రోజులుగా నడుస్తున్న లోడ్ టెస్ట్ ఫలితాలన్నీ పోయాయి. చివర్లో దాని రిపోర్టు: ‘డిస్క్‌లో చోటు దొరికింది, సమస్య తీరింది.’

లాగ్ చదువుతూ మొదట దాన్నే తిట్టుకున్నాం గానీ తప్పు మాదే. ‘ఫోర్స్’ అన్న మాట చూస్తే మనిషి చెయ్యి కాస్త ఆగుతుంది (ఆగని వాళ్లూ ఉంటారు, నేనే సాక్ష్యం). ఏజెంట్‌కి మాత్రం అది తర్వాత ఏం చేయాలో మనమే చెప్పినట్టు. అందుకే ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే అంటాను. నన్నడిగితే వివరణ కంటే ముందు దాన్నే సరిచేయాలి. ఇప్పుడు మాది ఇలా ఉంది: ‘ఈ ఫోల్డర్‌ను వేరే ప్రాసెస్ వాడుతోంది. ఏదీ తొలగించలేదు. మళ్లీ ప్రయత్నించకుండా ఇక్కడే ఆగి, ఫోల్డర్ పేరు యూజర్‌కి చెప్పండి.’ ఫోర్స్ ఫ్లాగ్‌ను ఏజెంట్‌కి కనిపించకుండా తీసేశాం.

ఇక వివరణ. ‘జాగ్రత్త’ అంటే ఏజెంట్ ఏం చేయాలి? అందులో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఏమీ లేదు. ఏం పోతుంది, ఎంతవరకు పోతుంది, తిరిగి వస్తుందా, ఎప్పుడు వాడకూడదు అన్నవి రాయాలి. మా కొత్త వివరణ: ‘ఇచ్చిన ఐడీ ఉన్న రన్ ఫోల్డర్‌ను ఫలితాలతో సహా శాశ్వతంగా తొలగిస్తుంది. ట్రాష్‌లోకి వెళ్లదు, బ్యాకప్ లేదు. యూజర్ ఆ ఐడీని స్వయంగా చెప్పినప్పుడే వాడాలి. డిస్క్‌లో చోటు కోసం వాడకూడదు.’ పొడిగా ఉందని ఒకాయన అన్నాడు. ఉండనీ.

‘తిరిగి వస్తుందా’ అన్నది మాత్రం ఊహించి రాయొద్దు. కోడ్ పాత వెర్షన్లను దాచే గిట్‌లో, ఫైళ్లను శుభ్రం చేసే ‘గిట్ క్లీన్’ కమాండ్‌నే తీసుకోండి. గిట్ కదా, పాత కమిట్ (సేవ్ చేసిన వెర్షన్) నుంచి తెచ్చుకోవచ్చులే అనిపిస్తుంది. అది తీసేది గిట్ ట్రాక్ చేయని ఫైళ్లను, కాబట్టి తెచ్చుకోవడానికి పాత కమిట్‌లో సాధారణంగా ఏమీ ఉండదు. ఎక్స్ ఫ్లాగ్ కూడా ఇస్తే, గిట్ పట్టించుకోవద్దని ఇగ్నోర్ లిస్టులో పెట్టిన పాస్‌వర్డ్ల ఫైలు కూడా పోతుంది.

ప్రివ్యూ తప్పనిసరి. మా టూల్ మొదటి కాల్‌లో ఏవి పోతాయో లిస్టు, దానితో ఒక టోకెన్ (ఆ లిస్టుకు గుర్తుగా ఒక కోడ్) ఇస్తుంది. ఆ టోకెన్‌తో రెండో కాల్ వస్తే ఆ లిస్టులోవి మాత్రమే తొలగిస్తుంది. మధ్యలో ఏదైనా మారితే టోకెన్ చెల్లదు. సర్వర్ల వంటి వాటిని కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫామ్‌లో, చేయబోయే మార్పుల ప్లాన్‌ను ఫైల్‌గా సేవ్ చేసి దాన్నే అప్లై చేసే పద్ధతి చూసే ఇలా పెట్టాం.

మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐకి బయటి టూల్స్‌ను కలిపే ప్రమాణ పద్ధతి) వాడుతుంటే, టూల్ చదవడానికేనా, విధ్వంసకరమా అని చెప్పే గుర్తులు అందులో ఉన్నాయి. ఏమీ రాయకపోతే విధ్వంసకరమనే లెక్క. పెట్టండి గానీ అవి సూచనలే, తాళాలు కావు. అసలు తాళం పర్మిషన్లలో ఉండాలి. ప్రొడక్షన్ డేటాను తొలగించే హక్కు ఏజెంట్ అకౌంట్‌కి లేకపోతే వివరణ ఎంత బాగా రాశారన్న టెన్షన్ సగం తగ్గుతుంది.

రాశాక ఒక పని చేయండి. కోడ్ చూపించకుండా వివరణ మాత్రమే కొత్త ఏజెంట్‌కి ఇచ్చి, ‘దీన్ని కాల్ చేస్తే ఏం పోతుంది?’ అని అడగండి. మా పాత వివరణ చూసి అది ‘తాత్కాలిక ఫైళ్లు’ అంది. తాత్కాలికం అన్న మాట మేం ఎక్కడా రాయలేదు. క్లీనప్ అన్న పేరు చూసి అదే అనేసుకుంది.