బాతు ఈల మీద చుక్కల పని

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు చేసిన బాతు ఈల, అదే వేటగాళ్లు ఊది బాతు కూతతో బాతులను రప్పించే ఈల, అందింది. కూత చక్కగా కుదిరింది. దాని నడుము చుట్టూ చుక్కల పట్టీ, అంటే చిన్న చిన్న గుంటలు కొట్టిన పట్టీ, వేస్తానన్నావు, తప్పకుండా వెయ్యి. అమెరికాలో వేటగాళ్ల తడి చేతుల్లోంచి జారకుండా ఈ గరుకు పని సాయపడుతుంది. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల వేట నేరం. కాబట్టి నీ ఈల కొనేవాళ్లు చూసేది పనితనమే.

ముందు అంచు సంగతి చూడు. ఈల లేతు యంత్రం మీద తిరుగుతుండగానే ఉలి మొనతో పట్టీకి రెండువైపులా సన్నని గాడి గీసుకో. చుక్క ఒక్కటి గాడి దాటినా చూపు అక్కడికే పోతుంది. అందుకే మొదట గాడిని ఆనుకుని ఒక వరుస పూర్తి చేసి, ఆ తరువాతే మధ్యలోకి రా. మధ్యలో మాత్రం వరుసలు కట్టకు. ఈలను తిప్పుతూ, చుక్క పక్క చుక్కను తాకేలా చెదురుగా కొట్టు. చుక్కలు కొట్టే మేకు నిటారుగా ఉండాలి, వాలితే గుంట కోలగా సాగుతుంది. అయిందనుకున్నాక కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడు. నున్నటి చోటు ఎక్కడ మిగిలినా మెరిసి కనిపిస్తుంది. రెండో విడత అక్కడ కొట్టాలి.

నువ్వు వాడుతున్నది ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర. మెత్తనిది, నార సన్నం. దానికి మొన గుండ్రంగా అరగదీసిన మేకు, చిన్న సుత్తి చాలు. కొట్టేటప్పుడు ఈల రంధ్రంలో బిగుతుగా పట్టే కర్రముక్క దూర్చు, లేకపోతే పలచని గోడ చీలుతుంది. ఈల రెండు భాగాలు ఒకదానిలో ఒకటి దిగే చోట, నోట పెట్టుకునే చోట చుక్కలు వద్దు. కూత పుట్టించే లోపలి నాలుక జోలికి అసలే పోకు, కూత పాడవుతుంది. మన సముద్రపు గాలికి మేకు త్వరగా తుప్పు పడుతుంది, ఆ మరక తెల్లని కర్రకు అంటితే పోదు. ప్రతిసారీ నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచాకే పని మొదలుపెట్టు.

లక్క రంగు వేసేట్లయితే పట్టీ మేర ఖాళీగా వదిలి, మిగతా ఒంటికే పట్టించు. చుక్కల మీద లక్క పూస్తే గుంటలు పూడిపోతాయి. కాల్చే పెన్నుతో చుక్కలు పెట్టాలని సరదా పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. లక్క కొద్ది వేడికే మెత్తబడుతుంది తల్లీ, దాని పక్కన ఆ పెన్ను వద్దు. రంగు వేయని రోజ్‌వుడ్ ఈలల మీద వాడుకో, గట్టి కర్ర మీద చుక్క ఎంతో అందంగా తేలుతుంది. ఆ పొగ, పొడి మంచివి కావు, మాస్కు కట్టుకో.

చివర పాత టూత్ బ్రష్‌తో పొడి దులిపి, నూనె పలచగా రాసి, మిగిలింది వెంటనే ఒత్తి తీసెయ్యి. మొదటి పట్టీ అర అంగుళం మించనివ్వకు. పారేసే ముక్క మీద ఒక పట్టీ కొట్టి నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మావయ్య