భయానికి ఇంగ్లిష్ మాట సరే, ముందు ఆ మాత్ర సంగతి తేల్చండి

ప్రశ్న: నా వయసు 34. నాలుగు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఏదో అయిపోతుందని భయం. వచ్చే వారం ఆన్‌లైన్‌లో ఒక సైకియాట్రిస్టుతో మాట్లాడాలి, ఆవిడకు తెలుగు రాదు, నా ఇంగ్లిష్ అంతంత మాత్రం. వర్రీ, నెర్వస్, యాంగ్జైటీ, పానిక్, ఫోబియా... వీటిలో నాది ఏదని చెప్పాలి? ప్రస్తుతానికి మా అత్తగారికి నిద్ర కోసం రాసిన ఆల్‌ప్రజోలం రోజూ సగం వేసుకునేదాన్ని, ఈ మధ్య సగం చాలక ఒకటి వేసుకుంటున్నాను. (ఒక పాఠకురాలు)

డాక్టర్ సలహా: చూడండమ్మా, మీరు అడిగింది మాటల గురించి, మాత్ర సంగతి మాత్రం ఆఖర్లో మాటవరసకి అన్నట్టు రాశారు. నన్ను కంగారు పెట్టింది ఆ ఆఖరి వాక్యమే.

సగం చాలక ఒకటి అయిందంటే ఒళ్లు దానికి అలవాటు పడుతున్నట్టే లెక్క. వేసుకున్న కాసేపటికే దడ తగ్గి హాయిగా ఉంటుంది, చిక్కంతా అక్కడే, ఎందుకంటే మందు దిగిపోయేటప్పుడు మళ్లీ గాభరా, వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర మింగుతారు. అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే టక్కున మానేయకండి. రోజూ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టరే చూసుకుంటూ మెల్లగా తగ్గించాలి. ఈలోపు డోసు పెంచొద్దు, మగతగా ఉంటే బండి నడపొద్దు, మద్యంతో గానీ కోడీన్ ఉన్న దగ్గు మందుతో గానీ అస్సలు కలపొద్దు, ఊపిరి మందగిస్తుంది. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే వారం ఆగకుండా ఇవాళే దగ్గర్లోని డాక్టర్‌ని కలవండి. ఇంట్లో ఒకరి చీటీతో నలుగురు వైద్యం చేసుకోవడం నేను రోజూ చూస్తున్నదే, ఎంత చెప్పినా అంతే. అసలు మీ అత్తగారు ఎన్నాళ్లుగా వాడుతున్నారో కూడా ఓసారి ఆవిడ డాక్టర్‌ని అడగండి, పెద్ద వయసులో ఈ మందుతో తూలి పడిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇక, నాలుగు నెలలు! ఇన్నాళ్లలో ఒక్క ఈసీజీ అయినా తీయించారో లేదో రాయలేదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా, గుండె లయ తప్పినా అచ్చం ఇలాగే దడ, చెమటలు వస్తాయి, కాఫీ ఎక్కువైనా, కొన్ని జలుబు మాత్రలతోనూ రావచ్చు. ఆ పరీక్షలు ముందే చేయించుకుని రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. ఛాతీలో నొప్పి లేదా బరువుగా ఉండటం, అది చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మాటల సంగతికొస్తే, నాది ఫలానా జబ్బు అని మీరే పేరు పెట్టుకుని వెళ్లకండి, అది ఆ సైకియాట్రిస్టు పని. తలలో తిరుగుతుండే ఆలోచన వర్రీ, అది అదుపు తప్పి నెలల తరబడి నిద్రనీ ఒంటినీ కూడా పట్టుకుంటే యాంగ్జైటీ. ఉన్నట్టుండి వచ్చి నిమిషాల్లోనే తారస్థాయికి చేరి తర్వాత దిగిపోయేది పానిక్ ఎటాక్. ఎత్తో, సూదో, కుక్కో, ఫలానాది ఒకటి చూస్తేనే వణికిపోవడం ఫోబియా. నెర్వస్ అంటే ఇంటర్వ్యూ ముందు ఉండే బెరుకులాంటిది, దానికి డాక్టర్లు అక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి పానిక్‌లా అనిపిస్తోంది గానీ నాలుగు వాక్యాలు చదివి నేను తేల్చలేను, తేల్చకూడదు కూడా.

ఒక జాగ్రత్త. టెన్షన్ అని ఊరుకుంటే ఆవిడకు ఏమీ అర్థం కాకపోవచ్చు, వణుకును షివరింగ్ అంటే చలిజ్వరం అనుకోవచ్చు, ట్రెంబ్లింగ్ అనండి. దడకు పాల్పిటేషన్స్, లేదా మై హార్ట్ రేసెస్. ఏదో అయిపోతుందనే భయానికి ఐ ఫీల్ లైక్ ఐ యామ్ గోయింగ్ టు డై అని చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు. చచ్చిపోతానేమోనన్న భయం వేరు, చచ్చిపోవాలనిపించడం వేరు. రెండోది ఎప్పుడైనా మనసులోకి వచ్చిందంటే ఐ వాంట్ టు డై అని ఉన్నదున్నట్టు చెప్పాలి, వచ్చే వారం దాకా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

యాంగ్జైటీ ఎంత ఉందో కొలవడానికి గత రెండు వారాల గురించి ఆవిడ ఏడు ప్రశ్నలు అడగొచ్చు. ప్రతిదానికీ జవాబులు నాలుగే: నాట్ ఎట్ ఆల్ (అస్సలు లేదు), సెవరల్ డేస్ (కొన్ని రోజులు), మోర్ దాన్ హాఫ్ ద డేస్ (సగం కంటే ఎక్కువ రోజులు), నియర్లీ ఎవ్రీ డే (దాదాపు రోజూ). ఇవి వస్తే చాలు, వ్యాకరణం గురించి బెంగ వద్దు. దడ ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. దుబాసీ దొరుకుతారేమో ముందే అడగండి. ఇంట్లోవాళ్లను దుబాసీగా కూర్చోబెట్టుకుంటే మాత్ర సంగతి మీరు దాటేస్తారని నా అనుమానం, అందుకే మొట్టమొదట అదే చెప్పండి: ఐ యామ్ టేకింగ్ ఆల్‌ప్రజోలం, ఇట్ వాజ్ నాట్ ప్రిస్క్రైబ్డ్ ఫర్ మీ. స్ట్రిప్పు కెమెరాకు చూపిస్తే ఎన్ని మిల్లీగ్రాములో ఆవిడే చదువుకుంటారు.