దేవుని స్వరూపమా, ప్రతిబింబమా, పోలికా? (సందేహాలు – సమాధానాలు)

సందేహం: సార్ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా చర్చిల సండే స్కూల్ పిల్లలకు నేనే పాఠం చెప్త. ఈసారి చార్ట్ మీద పెద్దక్షరాలతోని ఒక వాక్యం రాయాలె. బైబిల్ల "దేవుని స్వరూపమందు" అని ఉంది, మా పాస్టర్ గారు "మనం దేవుని ప్రతిబింబాలం" అంటరు, మా అమ్మేమో "దేవుని పోలిక" అంటది. అసలు దేవునికి రూపమే లేదు గదా, మరి స్వరూపం ఎట్లుంటది? మూడిట్ల ఏది రాస్తే బాగుంటది? ఇంకోటి, పోలికనా పోలికెనా?

సమాధానం: అమ్మా, మీ అమ్మగారి మాటే చార్ట్ మీద రాయండి. ఎందుకో చెప్త, కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ఆదికాండం 1:26ల "మన స్వరూపమందు మన పోలికె చొప్పున నరులను చేయుదము" అని ఉంటది, దాని తర్వాత వచనంల "దేవుని స్వరూపమందు వాని సృజించెను, స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను" అని ఉంటది. హీబ్రూల ఇక్కడ రెండు మాటలున్నయి, ఒకటి త్సెలెమ్, ఇంకోటి దెమూత్. మనోళ్లు మొదటిదాన్ని స్వరూపం అన్నరు, రెండోదాన్ని పోలికె అన్నరు. త్సెలెమ్ అంటే మనం అనుకునేంత గంభీరమైన మాటేం కాదు, బొమ్మ, ప్రతిమ అని దాని అర్థం, సంఖ్యాకాండం 33:52ల ఆ దేశపోళ్ల పోత విగ్రహాలను నాశనం చెయ్యమని చెప్పిన కాడ గూడ హీబ్రూల ఉన్నది ఈ మాటే. మరి ఇక్కడ ప్రతిమ అనో విగ్రహం అనో పెడితే తెలుగు చదివెటోని మనసు ఇంకెటో పోతది, అందుకని స్వరూపం అనే మాట కుదిరింది.

కుదిరింది గని దాంతోని ఒక చిక్కు ఉంది. స్వరూపం అంటే సొంత రూపం, అసలు రూపం. "ఆమె శాంతి స్వరూపిణి" అంటే శాంతే ఆమె అని మనకు వినపడతది, "భగవత్ స్వరూపం" అంటే సాక్షాత్తు భగవంతుడే అని చేతులు జోడిస్తం. ఆ చెవితోనే "మనిషి దేవుని స్వరూపం" అని వింటే మనిషే దేవుడు అన్నట్టు అయితది, క్రైస్తవం చెప్పేది అది కాదు గదా. బైబిల్ల ఉన్నది "స్వరూపము" అని కాదు, "స్వరూపమందు" అని, ఆ "అందు" తీసేస్తే అర్థమే మారిపోతది, పాటలల్ల ప్రసంగాలల్ల దాన్ని సులువుగా ఎగరగొడతరు, నాకు అది మనసుకు పట్టది.

కొత్త నిబంధనల చూడండి, నాకు చాన ఇష్టమైన సంగతి ఇది. గ్రీకుల ఐకోన్ (బొమ్మ, ప్రతిమ) అని ఒకటే మాట ఉంటది. అదే మాట క్రీస్తు గురించి వచ్చినప్పుడు, కొలొస్సయులకు 1:15ల, మన తెలుగు బైబిల్ "అదృశ్యదేవుని స్వరూపి" అన్నది. అదే మాట మన గురించి వచ్చినప్పుడు, అదే పత్రికల 3:10ల "సృష్టించినవాని పోలికచొప్పున" అన్నది, రెండో కొరింథీ 3:18ల "ఆ పోలికగానే మార్చబడుచున్నాము" అన్నది. క్రీస్తుకు స్వరూపి, మనకు పోలిక! క్రైస్తవ విశ్వాసంల క్రీస్తు తండ్రితోని సమానమైనోడు, మనం ఆయన చేసినోళ్లం, ఈ తేడా అంత తెలుగుల రెండు మాటలతోనే తేలిపోయింది, దీని మీద పేజీలకు పేజీలు వివరణ రాయనక్కర్లేకుండ.

ఇగ రూపం సంగతి. యోహాను 4:24ల "దేవుడు ఆత్మ" అని ఉంది, కాబట్టి పోలిక అంటే ముక్కు చెవులు కాదు. మరి ఏంది అంటే పాతకాలపు క్రైస్తవ పండితులు తలా ఒకటి చెప్పిండ్రు, అగస్టీన్ మనసుల ఉండే జ్ఞాపకం, తెలివి, సంకల్పం అన్నడు, కొందరు భూమిని చూసుకునే బాధ్యత అన్నరు, ఎందుకంటే 26వ వచనంల వెంటనే "ఏలుదురుగాక" అని ఉంది. రెండో శతాబ్దంల ఇరేనియస్ స్వరూపం వేరు పోలిక వేరు అని విడదీసిండు, ప్రొటెస్టెంట్ ఉద్యమం నడిపిన లూథర్, కాల్విన్ కాలం వచ్చేసరికి రెండూ ఒకటే అన్నరు. భాష దిక్కు నుంచి చూస్తే నాకు రెండోదే సబబు అనిపిస్తది. దానికి సాక్ష్యం ఆదికాండం 5:3ల ఉంది, ఆదాము "తన పోలికెగా తన స్వరూపమున" కొడుకును కన్నడు, షేతు అని పేరు పెట్టిండు. అవే రెండు మాటలు, వరుస తిరగబడ్డది, హీబ్రూల వాటి ముందుండే విభక్తులు గూడ అటిటు మారినయి, అయినా అర్థం చెడలేదు. అన్నిటికంటే ముఖ్యం, బైబిలే ఈ మాటను తండ్రీ కొడుకుల మీద వాడి చూపించింది, దేవుని పోలిక ఏందో తెల్వాలంటే మొదట చూడాల్సిన వచనం ఇదే.

మన దిక్కు పిల్ల పుడితే చూడొచ్చినోళ్లు మొదలు అనేదేంది, "అయ్య పోలికలు వచ్చినయి", "అచ్చం నాయినమ్మ లెక్కనే ఉంది". ఆ పోలిక పిల్ల సంపాదించుకున్నది కాదు, చదువుతోని వచ్చింది కాదు, కొడుకు ఇంట్ల కొట్లాడి బొంబాయికి పోయినా మొఖంల తండ్రి పోలిక ఉండనే ఉంటది. ప్రతిబింబం అట్ల కాదు, అద్దం పక్కకు తిరిగితే బింబం ఉండది. "మనం దేవుని ప్రతిబింబాలం" అంటే మరి తప్పు చేసినోని సంగతేంది, తెలివి సరిగ రాని పిల్లల సంగతేంది, మంచాన పడి మనుషులను గుర్తుపట్టని ముసలామె సంగతేంది, వాళ్లల్ల దేవుడు కనపడకపోతే వాళ్లు మనుషులు కారా? జలప్రళయం అయినంక, మనుషుల చెడుతనం అంత బయటపడ్డంక గూడ, ఆదికాండం 9:6ల నరుని రక్తం చిందించొద్దు, ఎందుకంటే "దేవుడు తన స్వరూపమందు నరుని చేసెను" అనే ఉన్నది. పాపంతోని అది పూర్తిగ పోలేదు అన్నట్టే గదా.

అట్లని పాస్టర్ గారిది తప్పనకండి. ఇందాకటి కొరింథీ వచనంలనే "ప్రభువుయొక్క మహిమను అద్దమువలె ప్రతిఫలింపజేయుచు" అని ఉంది. అక్కడ అది క్రియ, మనం చెయ్యాల్సిన పని. "మన నడవడిల దేవుని ప్రేమ ప్రతిబింబించాలె" అంటే నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మనం ఎవరమో చెప్పేటందుకు పోలిక, ఎట్ల బతకాలెనో చెప్పేటందుకు ప్రతిబింబించడం.

పోలిక అనే మాటకు గూడ ఒక హద్దు ఉంది, "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" అని వేమన అన్నప్పుడు అది పైకి కనపడే రంగు మాత్రమే, రుచి వేరు. అందుకే పిల్లలకు ఉప్పు కప్పురం పోలిక కాదు, అయ్య బిడ్డల పోలిక అని విడమర్చి చెప్పాలె.

ఇంకో ముచ్చట చెప్పకుండ ఉండలేను. 1979ల సిరియాల తెల్ ఫెఖెరియె అనే చోట ఒక రాజు రాతి బొమ్మ దొరికింది, క్రీస్తుకు ముందు తొమ్మిదో శతాబ్దం నాటిది, దాని మీద హీబ్రూకు దగ్గరి భాష అరమాయిక్‌ల ఆ బొమ్మను ఈ రెండు మాటలతోనే పిలిచిండ్రు, త్సెలెమ్, దెమూత్ కు అక్కాచెల్లెళ్లయిన మాటలు. ఆ కాలంల దేవుని ప్రతిమ అనే గౌరవం రాజులకు దక్కేది. ఆదికాండం ఆ మాటను రాజు నుంచి తీసి మనుషులందరికి ఇచ్చింది, ఆడోళ్లకు మగోళ్లకు. మన నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల వెట్టి చేసుకుంట "నీ కాల్మొక్త బాంచెన్ దొరా" అన్న తాతల మనవలే ఇయ్యాల జడ్చర్ల దిక్కు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలల్ల, నల్లగొండ క్యాథలిక్ మేత్రాసనంల (బిషప్ కిందుండే చర్చిలల్ల), మీ అసొంటి చర్చిలల్ల చాన మంది ఉన్నరు. దొరకు ఎంత దేవుని పోలిక ఉందో బాంచెన్ అన్నోనికి అంతే ఉంది అని ఆ వాక్యం చెప్తది. యాకోబు 3:9 చదివితే ఇంకా సూటిగ ఉంటది, ఒకే నాలుకతోని దేవుని స్తుతిస్తం, "దేవుని పోలికెగా పుట్టిన మనుష్యులను" శపిస్తం అంటడు. చూడండి, "పుట్టిన" అన్నది తెలుగు, ఎంత మంచిగ అమరిందో. కులం పేరు పెట్టి తిట్టే నోటికి ఈ వచనం రోజూ వినిపియ్యాలె.

చార్ట్ మీద ఇట్ల రాయండి: "దేవుడు మనందరిని తన పోలికతో చేశాడు." పోలికలో అనకండి, తెలుగుల తల్లి పోలికతో పుట్టింది అంటం గని పోలికలో పుట్టింది అనం. "అందరిని" అనే మాట మాత్రం వదలకండి.

పోలిక, పోలికె రెండూ ఒప్పే. పోలు అనే క్రియకు "ఇక" చేరితే పోలిక, కోరు కోరిక, చేరు చేరిక అయినట్టు, పోలికె అనేది పాత రాత. చార్ట్ మీద పోలిక అని రాయండి, వచనం కంఠతా పట్టించేటప్పుడు బైబిల్ల ఉన్నదున్నట్టు పోలికె అనే చదివియ్యండి.